జామకొమ్మ దాచిన అమ్మ

ఒకప్పుడు ఏ చెట్టు కొమ్మ అయినా సరే, కోసి నేలలో గుచ్చితే చాలు, వేళ్ళు వేసేది. మునగా అంతే, మందారమూ అంతే, జామా అంతే.

ఎందుకంటే, ఊరు వెళ్ళే ప్రతి కొమ్మకీ తల్లిచెట్టు చద్దిమూట కట్టి ఇచ్చేది. కొత్త మట్టిలో అది తిని కొమ్మ వేళ్ళు వేసుకునేది.

ఒకనాడు తోటపని చేసే పైడమ్మ ఒక మునగకొమ్మనీ, ఒక జామకొమ్మనీ కోసి గంపలో పెట్టింది. కొత్త పెరట్లో నాటాలని.

గంపలోంచి మునగకొమ్మ తల ఎత్తి జామచెట్టు వైపు చూసింది. "ఒసే, ఎవరే ఆ ముసలమ్మ? ఒళ్ళంతా పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది! మీ అమ్మా?" అని పకపకా నవ్వింది.

జామకొమ్మకి తల కొట్టేసినట్టయింది. "ఛఛ! మా అమ్మెందుకవుతుంది? ఎవరో!" అనేసింది.

చద్దిమూటతో అప్పుడే వంగిన తల్లిజామ ఆ మాట విన్నది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎవరో అనిపించుకున్న తాను ఇస్తే బిడ్డకి తలవంపులేమోనని.

కొత్త పెరట్లో మునగకొమ్మ చద్ది తిని, కొన్నాళ్ళకే చిగురు వేసింది. జామకొమ్మ ఆకులు వేలాడిపోయాయి.

"వేళ్ళు వెయ్యవేం తల్లీ? ఎండిపోతావే!" అంది మట్టి.

"చద్ది లేదు."

"మీ అమ్మ కట్టలేదా?"

జామకొమ్మకి అమ్మ వెనక్కి తీసుకున్న చెయ్యే కళ్ళముందు మెదిలింది.

"కట్టింది. నేనే... ఎవరో అన్నాను" అంది, మొహం దాచుకుని.

మునగకొమ్మ ఈసారి నవ్వలేదు.

"పైడమ్మా, దీన్ని వాళ్ళమ్మ దగ్గర చేర్చు. నన్నూ గుప్పెడు తీసుకెళ్ళు" అంది మట్టి.

పైడమ్మ కొమ్మని తీసుకెళ్ళి తల్లి ఒంటికే అతికించింది. తల్లి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది జామకొమ్మకి.

"పైడమ్మత్తా, అమ్మ ఒంటిలాగే నా నడుం చుట్టూ తోలు ఒలిచెయ్యి. నేనెవరి బిడ్డనో చూడగానే తెలియాలి" అంది.

పైడమ్మ గాజు తొడిగినట్టు చుట్టూ బెరడు ఒలిచి, తడిమట్టి పెట్టి, గుడ్డ కట్టింది. ఈసారి అమ్మ ఇచ్చిన చద్ది ఆ ఒలిచినచోటే చేరింది. నెల దాటాక గుడ్డ విప్పితే, అక్కడే తెల్లటి వేళ్ళు!

అప్పుడు తల్లి నోరు విప్పింది. "దారిలో ఎవరైనా అడిగితే?"

జామకొమ్మ తలొంచుకుని తన ఒలిచిన నడుం చూపించింది.

అప్పటినుంచే జామకొమ్మ ఊరికే గుచ్చితే వేళ్ళు వెయ్యదు. తల్లిమీద ఉండగానే బెరడు ఒలిచి, తడిమట్టి కట్టి, వేళ్ళు వచ్చాకే కొయ్యాలి. ఎక్కడ నాటినా, ఎదిగాక దాని ఒంటిమీదా పెచ్చులు ఊడతాయి. అది దాచుకోదు.