అమ్మకి ఇచ్చేసిన సొర

ఈ కథ రాస్తున్నావిడ ఇంతకు ముందెప్పుడూ ఏదీ రాయలేదు. అయిదో తరగతిలో బడి మానేసింది. పిల్లలకి అన్నం కలిపి పెడుతూ చెప్పడమే గాని, కథని కాగితం మీద పెట్టడం ఇదే మొదలు. నలుగురిలో నోరు విప్పాలంటేనే చెమటలు పడతాయి ఆవిడకి. ఎక్కడైనా ఒత్తులూ దీర్ఘాలూ ఎగిరిపోతే సర్దుకుని చదువుకోండి. ఆవిడ సంగతి ఇంతే. ఇక కుక్క సంగతి.

సముద్రం ఒడ్డున ఒక జాలరి పేట. ఆ పేటలో గవ్వ అని ఒక ఆడకుక్క ఉండేది. ఒళ్ళంతా తెలుపు, వీపు మీద మాత్రం గవ్వ బోర్లించినట్టు ఒక గోధుమరంగు మచ్చ. మెత్తని మనిషి అంటామే, అలా అది మెత్తని కుక్క. ఎదురొచ్చిన కుక్క గుర్రుమంటే తనే పక్కకి తప్పుకునేది.

ఆ ఏడు గవ్వ నాలుగు పిల్లల్ని పెట్టింది. ఒడ్డున బోర్లించి పడేసిన పాత పడవ కింద వాటిని దాచుకుంది. పెట్టిన వేళ ఏమో గాని, పది రోజులుగా చేప పడడం లేదు. వలలు తడిసి రావడమే తప్ప బరువెక్కి రావడం లేదు. మనుషులకే గంజి నీళ్ళయితే కుక్కకి ఎవరు వేస్తారు? గవ్వకి పాలు ఇంకిపోయాయి. పిల్లలు రెండు రోజులు ఏడ్చాయి. మూడో రోజు పొద్దున ఏడవడం మానేశాయి. ఏడుస్తుంటేనే నయం అనిపించింది గవ్వకి. అలా నోళ్ళు మూసుకుని పడున్న పిల్లల్ని ఒక్కొక్కదాన్నీ మూతితో కదిపి చూసింది.

సరిగ్గా అప్పుడే కాకి వచ్చి పడవ మీద వాలింది.

"ఒసేయ్ గవ్వా! లే లే! దానయ్య పెద్దవలలో కొండ పడింది!"

"కొండేటే, నీ మొహం."

"కొండే! చుక్కల కొండ. దానికి తోక కూడా ఉంది. నమ్మకపోతే పోయి చూసుకో. నాకు ఇంకా ఏడిళ్ళకి చెప్పాల్సి ఉంది." కాకి ఎగిరిపోయింది.

గవ్వ పరిగెత్తింది. వల లాగుతుండగానే పోటు తగ్గి నీరు తీసేసిందేమో, ఇసక తిన్నె వెనక గుంటలో వల చిక్కుకుపోయి ఉంది. ఆ వల నిండా ఒక్కటే చేప. సొర. ఈ చివర తల, ఆ చివర తోక, మధ్యలో పద్నాలుగు మంది మగవాళ్ళు వరసగా నిలబడితే ఇంకా ఇద్దరికి చోటుంది. నల్లటి వీపు మీద తెల్లటి చుక్కలు, వాకిట్లో ముగ్గుకి పెట్టినట్టు వరసలు వరసలుగా ఉన్నాయి. గవ్వ తోక దానంతటదే కాళ్ళ మధ్యకి పోయింది.

మనుషులు ఒకళ్ళ మాట ఒకళ్ళు విననివ్వడం లేదు.

"చంపేద్దాం!" అన్నాడు ఎల్లాజీ. వాడికి కొత్త మోటారు పడవ ఉంది, కొత్త ఫోనుంది. "ఇలాంటిది ఈ చుట్టుపక్కల ఎవడైనా కొట్టాడా? నేను గొడ్డలి ఎత్తినప్పుడు ఫోటో తియ్యండర్రా. ఫోటోలో తల కూడా పడాలి, దాని తలా నా తలా."

"కార్జం తీసి నూనె కాస్తే పేటలో పడవలన్నిటికీ పూతకొస్తాది," అన్నాడు ఒకడు.

"మా చినాన్న కాలు కొరికింది సొరే," అన్నాడు తాతయ్యలు అనే జాలరి. "ఈ జాతిని వదలకూడదు."

వల పెద్ద దానయ్య వాడి వంక చూశాడు. "మీ చినాన్న కాలు కొరికింది ఇది కాదు గదరా."

"సొర సొరే గదా మావా?"

"మరి మొన్న మన వల కోసుకుపోయిన దొంగా నువ్వూ ఇద్దరూ మనుషులే గదా? నిన్ను కట్టెయ్యమంటావా?"

అందరూ నవ్వారు. తాతయ్యలు కూడా నవ్వాడు. గవ్వ ఒకటి గమనించింది. చంపుదాం చంపుదాం అంటున్న వాళ్ళందరూ పదడుగులు వెనకే నిలబడి అంటున్నారు. ఎవరికీ దాని పక్కకి వెళ్ళడానికి కాలు రావడం లేదు.

"మన దగ్గరున్న కత్తులు దీని తోలు మీద గోకడానికి కూడా పనికిరావు," అన్నాడు దానయ్య. "పెద్ద గొడ్డళ్ళు తెప్పిద్దాం. అవి వచ్చేదాకా ఎవరూ చెయ్యి వెయ్యకండి. వచ్చాక చూద్దాం." ఆ 'చూద్దాం' అనేటప్పుడు ఆయన గొంతు కొంచెం మెత్తబడింది.

అది విన్నవాడు ఇంకొకడున్నాడు. సరుగుడు తోటలోంచి నక్క గవ్వ పక్కకి వచ్చి కూర్చున్నాడు. మెట్ట ఊళ్ళలో కోళ్ళ గూళ్ళ దగ్గర మరీ పేరు పడిపోయి, మొన్న వేసవిలో ఇటు వలస వచ్చాడు.

"చెల్లీ, పిల్లలెలా ఉన్నారు?"

"ఉన్నారు అన్నా."

"ఉంటే చాలదమ్మా, తినాలి. ఇదిగో, నెల రోజుల తిండి ఒడ్డుకొచ్చి పడుకుంది. మనుషులు రెక్కలు కోసుకుంటారు, కార్జం తీసుకుంటారు. మిగతాదంతా మనదే. నీ పిల్లలు నక్కల్లా తయారవుతాయి."

"కుక్కల్లాగే ఉండనీ అన్నా."

"సరే, కుక్కల్లాగే! కాని ఆ ముసలాడు మెత్తబడుతున్నాడు, చూశావా? వదిలెయ్యండర్రా అన్నాడంటే మన నోట్లో మట్టే. ఈ పేట మనుషుల పద్ధతులు నీకు తెలుసు, నాకు తెలీదు. వాళ్ళు వెనక్కి తగ్గకుండా ఏం చెయ్యాలో చెప్పు. పెద్ద ముక్క నీకే."

గవ్వకి నోట్లో నీళ్ళూరాయి. ఆ నీళ్ళకి సిగ్గేసింది కూడా. "ఒకసారి దగ్గరగా చూసొస్తాను అన్నా," అంది.

మనుషులు నీడకి పోయి కూర్చున్నాక గవ్వ గుంటలోకి దిగింది. కడుపు దాకా నీళ్ళు. ఒక్కో అడుగూ వేస్తూ తల దగ్గరికి వెళ్ళింది. ఇంటి గుమ్మమంత నోరు. ఆ నోటికి పక్కన కన్ను మాత్రం ఇంతే, నేరేడు పండంత. మెడ పక్కన చీలికలు కొలిమి తిత్తుల్లా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. అవి తెరుచుకున్నప్పుడల్లా గవ్వ కాళ్ళ కింద నీరు అటు జరిగేది, మూసుకుంటే ఇటు వచ్చేది. ఊపిరి తీస్తే గుంటంతా కదులుతోంది. గవ్వకి భయం ఎటు పోయిందో తెలీదు. దాని చోట్లో ఇంకేదో వచ్చి నిలబడింది. అమ్మోరి ఊరేగింపు ఎదురొస్తే మనం చెప్పులు విప్పేసి పక్కకి నిలబడతామే, అలాంటిది.

ఆ కన్ను గవ్వ వైపు తిరిగింది.

"కొంచెం పక్కకి జరుగు తల్లీ," అంది సొర. గొంతు నీళ్ళలోంచి వచ్చింది, చెవికంటే ముందు పొట్టకి తగిలింది. "తిమ్మిరెక్కిపోతోంది. పొరపాటున కదిలానంటే నీకు దెబ్బ తగులుతుంది."

గవ్వ పక్కకి జరిగింది. జరిగి అడిగింది: "నువ్వు మనుషుల్ని తింటావంట గదా?"

"మనుషులంటే?"

"అదిగో, ఆ నీడన కూర్చున్నవాళ్ళు."

సొర చూసింది. "అంత పెద్దవా! నా గొంతులో పట్టవమ్మా. నేను రొయ్య పిల్లలూ చేప గుడ్లూ వడపోసుకుని తాగుతాను."

"మరి వాళ్ళు వల లాగుతుంటే ఎందుకు ఊరుకున్నావు? ఒక్కసారి తోక విసిరితే చాలదా?"

"చుట్టూ నిలబడి ఉన్నారు గదా," అంది సొర. "తగులుతుంది వాళ్ళకి."

అంతే అంది. పొద్దుటి నుంచీ, గొడ్డలి తెమ్మని అరుస్తున్నవాళ్ళకి తగలకూడదని, అంత ఒంటినీ అలా బిగబట్టుకుని పడుంది. గవ్వ గుంటలోంచి బయటికొచ్చింది. ఒళ్ళు దులుపుకోవడం కూడా మరిచిపోయింది.

దారిలో పడవ కింద పిల్లలున్నాయి. గవ్వ ఆగింది. నెల రోజుల తిండి. నాలుగు నోళ్ళు. ఎవరూ తనని తప్పు పట్టరు, పిల్లలు గలది అంటారు. ఒక పిల్ల కళ్ళు మూసుకునే దాని కాలిని వాసన చూసింది. గవ్వ దాన్ని నాకి, లోపలికి నెట్టి, కడుపు బిగబట్టుకుని నక్క దగ్గరికి నడిచింది.

"ఏం చెల్లీ, ఏం ఆలోచించావు?"

"ఈ పేటలో ఒక పద్ధతుంది అన్నా," అంది గవ్వ నేల చూస్తూ. "గంగమ్మ పసుపు పడిందంటే ఇంక ఎదురు మాటుండదు. అమ్మకి ఇచ్చేస్తారు."

నక్క కళ్ళు వెలిగాయి. "ఇచ్చేస్తారా!"

"ఇచ్చేస్తారు."

"అక్షరాలా మా మెట్ట ఊళ్ళ పద్ధతే! మేకకి పసుపు రాస్తారు, బొట్టు పెడతారు, అమ్మకి ఇచ్చేశాం అంటారు, ఒకటే వేటు. ఎన్నిసార్లు చూశాను! ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదేంటి?"

గవ్వ అబద్ధం ఒక్కటీ ఆడలేదు. అడిగిందానికి చెప్పింది, అడగనిదానికి ఊరుకుంది.

గంగమ్మ గుడి అంటే ఇసకలో నాలుగు తాటాకుల కింద నిలబెట్టిన రాయి. మనుషులు అంబలి తాగుతున్న సందు చూసి నక్క అక్కడున్న పసుపు మూట నోట కరిచాడు. అప్పటికే నీరు ఎక్కుతున్న గుంటలో దిగి, ఈది, వల పట్టుకుని సొర తల మీదికెక్కాడు. ఎక్కి పళ్ళతో మూటని పర్రుమని చింపాడు. చింపగానే సముద్రపు గాలి కొట్టింది. సగం పసుపు సొర నెత్తిన పడింది, మిగతా సగం నక్క మీద పడింది. ముక్కులోకి పోయింది, కళ్ళలోకి పోయింది. "హాఛ్" మంటూ వెనక్కి జరిగేసరికి రెండు కాళ్ళూ వల కన్నాల్లో దిగబడిపోయాయి. ఎంత గుంజుకుంటే అంత బిగుసుకున్నాయి.

అప్పుడే గొడ్డళ్ళు వచ్చాయి. అందరికంటే ముందు ఎల్లాజీ నడిచాడు, గొడ్డలి భుజాన వేసుకుని. నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. వెనకవాళ్ళు వాడిని గుద్దుకుని ఆగారు. ఎండలో సొర నెత్తి పచ్చగా మెరుస్తోంది.

"ఎవరు పూసార్రా?" అంది గంగమ్మ రాయికి రోజూ దీపం పెట్టే పోలమ్మ, జనాన్ని తోసుకుంటూ.

"నేను కాదు."

"నేనసలు అటు పోలేదు అప్పా."

"మరింకేటి? అమ్మ చేయించుకుంది." పోలమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "గొడ్డళ్ళు కింద పెట్టండి. అమ్మకి ఇచ్చెయ్యండి."

"విన్నావా చెల్లీ!" అని అరిచాడు నక్క సొర నెత్తిమీంచి. "ఇచ్చెయ్యమంటోంది!"

"విన్నాను అన్నా," అంది గవ్వ.

గొడ్డళ్ళు కింద పడ్డాయి. మనుషులు చేతుల్తో, చెక్క పలకల్తో ఇసక తిన్నెకి దారి తవ్వడం మొదలెట్టారు. ఎక్కుతున్న నీరు ఆ దారిలో లోపలికి వచ్చింది. దానయ్య తన వలని తనే కోశాడు.

"అదేంటి? కొయ్యరేంటి?" అన్నాడు నక్క. "అమ్మకి ఇచ్చేస్తారన్నావు?"

"ఇచ్చేస్తున్నారు గదా అన్నా. మీ ఊళ్ళో అమ్మ గుళ్ళో ఉంటాది, కోసి ఇస్తారు. మా అమ్మ అదిగో." గవ్వ సముద్రం వైపు మూతి చూపించింది. "బతికున్నదాన్ని బతికున్నట్టే ఆవిడ ఒళ్ళో పెట్టాలి. ఏటా మొదటి వలలో పడ్డ మంచి చేపకి పసుపు రాసి ఇలాగే వదిలేస్తారు. నేను ఏటా ఒడ్డున కూర్చుని గుటకలు మింగుతాను."

"ముందే చెప్పొచ్చు గదే!"

"నువ్వు అడగలేదు అన్నా."

ఇంతలో పోలమ్మ చూపు నక్క మీద పడింది. తల నుంచి తోక దాకా పసుపు. "ఒరే, దీనికీ పసుపుందిరా."

"నాకేం వద్దు! నాది కాదు!" అని మొత్తుకున్నాడు నక్క. మనుషులకి అది ఊళలాగే వినిపించింది.

"మరి దీన్నీ ఇచ్చెయ్యాలి గదా," అన్నాడు ఎల్లాజీ. ఏదో ఒకటి పట్టుకోకపోతే వాడికి ఆ రోజు గడవదు. కాళ్ళకి చిక్కిన వల కోసి, నక్కని మెడ దగ్గర పట్టి పడవలో వేసుకున్నాడు.

తాడు కట్టి మెల్లగా లాగుతుంటే సొర దారిలోంచి లోతు నీళ్ళలోకి జారింది. పక్కనే నడుస్తున్న తాతయ్యలు చెయ్యి చాపి దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించాడు. "గరుగ్గా ఉంది మావా," అన్నాడు, చిన్న పిల్లాడి గొంతుతో. మనుషులందరూ దూరం జరిగారని చూసుకున్నాక, అప్పుడు కదిలించింది సొర తోకని. ఒక్కసారే. నీరు గోడలా లేచి పద్నాలుగు మందినీ నెత్తి నుంచి కాళ్ళ దాకా ముంచేసింది. చుక్కల వీపు ఒకసారి ఎండలో తేలింది, వంగింది, లోపలికి పోయింది. ఎల్లాజీ చేతిలో ఫోనుంది, తియ్యడం మరిచిపోయాడు.

అలలు దాటాక నక్కని కూడా అమ్మ ఒళ్ళో పెట్టారు. ఆవిడ ఉంచుకోలేదు, మూడు ఊళ్ళ అవతల ఒడ్డున పడేసిందట. కాకి చూసొచ్చి చెప్పింది, ఇంకా తుమ్ముతూనే ఉన్నాడని. మళ్ళీ ఆ పేట వైపు రాలేదు.

నీరు మళ్ళీ తీసేశాక, ఖాళీ అయిన గుంటలో, సొర నీడన చేరిన చిన్న చిన్న చేపలు కొన్ని బురదలో కొట్టుకుంటున్నాయి. విందు కాదు, ఒక పూటకి సరిపోతాయి. గవ్వ ఒక్కటీ వదలకుండా తింది. చీకటి పడే వేళకి పిల్లలు మళ్ళీ ఏడవడం మొదలెట్టాయి. వాటికి పాలిచ్చింది.

చేతికి చిక్కిన ప్రతిదీ కొయ్యడానికి రాదు, కొన్ని మనం కళ్ళారా చూసి దారి ఇవ్వడానికి వస్తాయి.

మర్నాడు పొద్దున్నే గవ్వ పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని తడి ఇసక దాకా తీసుకొచ్చింది. నాలుగింటినీ సముద్రం వైపు తిప్పి కూర్చోబెట్టింది. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. అయినా చూడమంది.