గుడ్ల తాతారావు గేరు సైకిలు

అనపర్తికి దగ్గర్లో, కాలవ గట్టున ఉన్న ఒక ఊళ్లో తాతారావు అనే గుడ్ల వ్యాపారి ఉండేవాడు. కన్నతల్లి ఇచ్చిన మజ్జిగనైనా వాసన చూడందే తాగని అనుమానపు మనిషి.

రోజూ పొద్దున్నే కోళ్లఫారానికి వెళ్లి గుడ్లు తీసుకునేవాడు. మిగతా వ్యాపారులు ట్రేలు సైకిలుకు కట్టుకుని వెళ్లిపోయేవారు. తాతారావు మాత్రం ఒక్కో గుడ్డునూ ఎండకు అడ్డంగా పట్టుకుని, ఒక కన్ను మూసి, లోపల మచ్చ ఉందేమోనని చూసేవాడు. చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవాడు. మళ్లీ ఎండకు పెట్టేవాడు.

"ఏం తాతారావూ, కోడి చేత సంతకం కూడా పెట్టించమంటావా?" అని ఫారం యజమాని వెక్కిరించేవాడు.

"మీకేమండీ! రేపు గుడ్డు చెడిపోతే తిట్లు తినేది నేను కదా," అనేవాడు తాతారావు.

గుడ్ల విషయంలో ఆ అనుమానం మంచిదే. అతని దగ్గర కొన్న గుడ్డు పగలగొట్టి ముక్కు మూసుకున్నవాళ్లు లేరు. చిక్కల్లా ఏమిటంటే, అతను మనుషుల్ని కూడా అలాగే ఎండకు పెట్టి చూసేవాడు. మనిషి గుడ్డు కాదు కదా, ఎంత చూసినా లోపలిది కనపడదు. కనపడనిదంతా మచ్చేనని తాతారావు తేల్చుకునేవాడు.

ఒకరోజు పక్క ఊరి ఆడపిల్లల హాస్టలు వార్డెన్ నుంచి అతనికి కబురొచ్చింది. సోమవారం పిల్లల మధ్యాహ్నం భోజనానికి గుడ్లు తెచ్చివ్వాలి. పగలకుండా, వేళకి తెస్తే ఏడాది పొడుగునా అతని దగ్గరే తీసుకుంటారు. తాతారావు మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి. వీధివీధీ తిరిగి "గుడ్లో" అని అరవడం ఇక అతని వల్ల కావడం లేదు. ఈ ఒక్క బేరం కుదిరితే రోజుకు ఒక్కసారి వెళ్లొస్తే చాలు. ఆ మాట విని అతని భార్య మంగ దేవుడికి దండం పెట్టుకుంది. తాతారావు మాత్రం, "ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు పిలిచారు? ఇందులో ఏదో ఉంది," అన్నాడు.

"మీ గుడ్లు మంచివని పిలిచుంటారండీ," అంది మంగ.

"ఆ సంగతి వాళ్లకెవరు చెప్పారు?" అన్నాడు తాతారావు.

అతని సైకిలు చూస్తే జాలేసేలా ఉండేది. టైర్లు అరిగి నున్నగా అయిపోయాయి. బ్రేకులు పట్టుకుంటే ఒక ఫర్లాంగు అవతల ఆగేది. ఆ సాయంత్రం మంగ తమ్ముడు దొరబాబు వచ్చాడు. అతనిదీ గుడ్ల వ్యాపారమే. బావ సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, టైరు నొక్కి చూశాడు.

"బావా, దీనికి లావుపాటి మామూలు టైర్లు వేయించు. గాలి మరీ బిగువుగా కొట్టించకు. బ్రేకులకి కొత్త రబ్బర్లు వేయించు. ట్రేల కింద గోనెపట్టా మడిచి వేసి, పాత ట్యూబు చీల్చి దాంతో కట్టు. అంతే, ఇంకేం అక్కర్లేదు. నా బండికున్నవీ అవే."

"అంత చవగ్గా అయిపోతుందా?" అన్నాడు తాతారావు.

"చవగ్గా అయిపోతే మంచిదే కదా బావా!" అని నవ్వి, అక్క ఇచ్చిన టీ తాగి దొరబాబు వెళ్లిపోయాడు.

తాతారావుకి మాత్రం టీ కూడా సయించలేదు. వీడూ గుడ్లే అమ్ముతాడు. నా గుడ్లు పగిలితే హాస్టలు బేరం ఎవరికి పోతుంది? వీడికే. అలాంటప్పుడు నాకు మంచి సలహా ఎందుకిస్తాడు? నాకు చవకబారు సరుకు అంటగట్టి, వాడు మాత్రం ఏదో ఖరీదైంది వేయించుకుని ఉంటాడు, అనుకున్నాడు.

మర్నాడు దొరబాబు భోజనానికి కూర్చున్న వేళ చూసి, తాతారావు పిల్లిలా వాళ్ల పెరట్లోకి వెళ్లాడు. బావమరిది సైకిలు పెడలు తిప్పి చూశాడు. సీటు కింద చెయ్యి పెట్టి తడిమాడు. చక్రానికి చెవి ఆనించి విన్నాడు. ఎక్కడ చూసినా మామూలు సరుకే. దొరబాబు నిజమే చెప్పాడని ఇంకొకడైతే సంతోషించేవాడు. తాతారావుకి గుండె గుభేలుమంది.

"అమ్మో! కనపడకుండా ఎంత బాగా దాచాడు!" అనుకుంటూ వచ్చేశాడు.

ఇక ఆగలేదు. మంగ దిద్దుల కోసం దాచుకున్న డబ్బు కూడా అడిగి తీసుకుని, సైకిలు తోసుకుంటూ టౌనులో కొత్తగా పెట్టిన అద్దాల షాపుకి వెళ్లాడు. లోపల సైకిలు సామాన్లు నగల కొట్లో నగల్లా మెరుస్తున్నాయి. కుర్ర సేల్స్‌మన్ ఎదురొచ్చి మర్యాదగా అడిగాడు.

"సైకిలు దేనికి వాడతారండీ?"

తాతారావు జాగ్రత్తపడ్డాడు. గుడ్లవాడినని చెబితే, వీడికేం తెలుస్తుందిలే అని పాత సరుకు అంటగడతారు.

"డాక్టరు గారు వ్యాయామం చెయ్యమన్నారు," అన్నాడు దర్జాగా.

"బరువేమైనా వేస్తారాండీ?"

"నా బరువే."

"రోడ్డెలా ఉంటుందండీ?"

"అద్దంలా ఉంటుంది."

సేల్స్‌మన్ తల ఊపి, చెప్పినదానికి తగ్గట్టే చూపించాడు. బిగువుగా గాలి నింపే సన్నటి టైర్లు, తేలికపాటి చక్రాలు, వేలు తగిలితే చాలు ఠక్కున పట్టేసే బ్రేకులు, గేర్లు. వాటితో పాటు రంగురంగుల కొక్కేల తాళ్లు. ప్రతిదాని ధరా వింటూంటే తాతారావుకి లోలోపల హాయిగా ఉంది. ఇంత ఖరీదు పెట్టిన చోట మోసం ఉండదని అతని నమ్మకం. గుడ్డును రెండుసార్లు ఎండకు పెట్టే మనిషి, ఆ సామాన్లలో ఒక్కదాన్నీ తిప్పి చూడలేదు.

సోమవారం పొద్దున ట్రేలు ఎత్తుగా పేర్చి, కొక్కేల తాళ్లు బిగించి బయల్దేరాడు. సన్నటి టైర్లు ప్రతి గులకరాయినీ లెక్కపెట్టి మరీ చెబుతున్నాయి. గతుకు వచ్చినప్పుడల్లా వెనక ట్రేలు టకటకమంటున్నాయి. తాతారావు మెల్లగానే తొక్కాడు. అలాగే వెళ్లి ఉంటే ఎలాగో చేరేవాడేమో.

కాలవ మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాడు. దూరంగా, నిండు ట్రేలతో దొరబాబు వస్తున్నాడు.

దొరబాబు రోజూ అమ్ముకునే ఊళ్లు ఆ దారిలోనే ఉన్నాయి. ఆ సంగతి తాతారావుకీ తెలుసు. అయినా అతని మనసు ఒప్పుకోలేదు. "నా వెనకే హాస్టలుకి వచ్చి, నాకంటే తక్కువ ధర చెబుతాడన్నమాట!" అనుకుని గబగబా తొక్కాడు.

"బావా! ఆగు! వెనక కొక్కెం ఊడిపోయింది!" అని దొరబాబు గొంతు చించుకున్నాడు.

ఆ మాట తాతారావు చెవిన స్పష్టంగా పడింది. నన్ను ఆపి తను ముందెళ్లిపోదామని ఎత్తు వేశాడనుకున్నాడు. గేరు మార్చాడు. పాపం, ఆ గేర్ల తప్పేం లేదు. ఏ పనికి పుట్టాయో ఆ పనే చేశాయి. సైకిలు రివ్వున దూసుకుపోయింది.

మలుపు తిరిగేసరికి రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఒక ముసలమ్మ కాళ్లతో వాటిని కలియబెడుతోంది. తాతారావు బ్రేకు నొక్కాడు. కొత్త బ్రేకులు ఠక్కున పట్టేశాయి. సైకిలు ఆగింది గాని గుడ్లు ఆగలేదు. ఊడిన కొక్కెం విసురుగా లేచింది. ట్రేలు ఒకదాని వెనక ఒకటి తాతారావు భుజాల మీదుగా ఎగిరి వెళ్లి వడ్ల మీద పడ్డాయి.

"ఓరి నీ సైకిలు కాలా! నా వడ్ల మీద అట్టు పోస్తావేంట్రా!" అని ముసలమ్మ తిట్లు లంకించుకుంది.

పచ్చసొన తాతారావు మోచేతి మీంచి కారుతోంది. గుడ్లలో సగం పైగా పోయాయి. హాస్టలు పిల్లల భోజనం వేళ దగ్గర పడుతోంది. ఏడాది బేరం, మోకాళ్లకు దొరకాల్సిన విశ్రాంతి, మంగ దిద్దులు, అన్నీ ఆ వడ్లలోనే కలిసిపోయాయి. రోడ్డు పక్కన చతికిలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

దొరబాబు నెమ్మదిగా వచ్చి ఆగాడు. ముందు బావ మోకాలు తడిమి, దెబ్బ పెద్దది కాదని చూసుకున్నాడు. ముసలమ్మకి సర్దిచెప్పి, పాడైన వడ్లు పక్కకి తీసిపెట్టాడు. పగలని గుడ్లు ఏరాడు. వాటిని తన సైకిలు మీద, తన ట్రేల పక్కన సర్ది, ట్యూబు ముక్కలతో మళ్లీ కట్టాడు.

"లే బావా. పిల్లలు ఎదురు చూస్తారు."

తాతారావు కళ్లు తుడుచుకుని లేచాడు. అప్పుడు కూడా, తన సైకిలు తోసుకుంటూ దొరబాబు సైకిలు వంక చూసి, "ఈ గుడ్లన్నీ తనవేనని చెప్పుకుంటాడు," అనుకున్నాడు. చూశారా, ఏడ్చినా పోలేదు ఆ జబ్బు.

హాస్టలు గేటు దగ్గర వార్డెనమ్మ ట్రేలు విప్పించింది. ఒక్క గుడ్డు కూడా దారిలో చిట్లలేదు.

"ఎవరివివి?" అని అడిగింది.

"మా బావవండీ," అన్నాడు దొరబాబు, ఆలోచించకుండా.

ఆవిడ తాతారావు వైపు తిరిగింది. "నువ్వేనా తాతారావువి? మీ బావమరిదిని ముందు నేను అడిగానయ్యా. తను కాదని, మా బావ ఒక్కో గుడ్డూ ఎండకు పెట్టి చూసి మరీ తెస్తాడండీ, ఆయనకి మోకాళ్ల నొప్పులు, ఈ బేరం ఆయనకివ్వండి అన్నాడు. అందుకే నీకు కబురు పెట్టాను."

తాతారావుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ ఎవరిని అనుమానించాడో, తనని పిలిపించిన ఆ మనిషే పక్కన చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. సిగ్గుపడుతూనే ధైర్యం చేశాడు.

"అమ్మా, ఇవన్నీ నావి కావు. సగానికి పైగా ఇతనివే. నావి రోడ్డు పాలయ్యాయి. తప్పంతా నాదే."

వార్డెనమ్మ ఇద్దరినీ చూసింది, రెండు సైకిళ్లనీ చూసింది. సన్నటి టైర్ల మీద పచ్చసొన ఎండి మెరుస్తోంది.

"గుడ్లు చూసి తేవడం నీకు తెలుసు. పగలకుండా తేవడం ఆ సైకిలుకి తెలుసు," అంది. "రేపటి నుంచి నువ్వే తీసుకురా. కానీ అలాంటి సైకిలు మీద వస్తేనే గేటు తీస్తాను."

తిరిగి వస్తూ తాతారావు అద్దాల షాపులో దూరి, "నన్ను ముంచేశారు!" అని కేకలేశాడు. సేల్స్‌మన్ ఆ సైకిలునీ, పచ్చసొననీ చూసి నివ్వెరపోయాడు.

"గుడ్లు మోస్తారని చెప్పుంటే, మామూలు లావు టైర్లు వేయించుకోండి, ఇవేవీ మీకు వద్దని నేనే చెప్పేవాణ్ణి కదండీ! మీరు వ్యాయామం అన్నారు," అన్నాడు.

తాతారావు సైకిలు తోసుకుంటూ వెళ్లిపోయాడు. ఈసారి నిజంగానే ఎవరూ మోసం చెయ్యలేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

ఆ సాయంత్రం దొరబాబే దగ్గరుండి లావు టైర్లు, కొత్త రబ్బర్లు వేయించాడు. తాతారావు కూర్చుని పాత ట్యూబు చీల్చాడు. చీలుస్తూ చీలుస్తూ, "ఒరే దొరబాబూ, నిన్ను అనుమానించానురా," అన్నాడు.

"తెలుసులే బావా. మా పెరట్లో నువ్వు చక్రానికి చెవి పెట్టినప్పుడే చూశాను. బండికి జ్వరమొచ్చిందేమో చూస్తున్నావనుకున్నా," అన్నాడు దొరబాబు.

మంగ పగలబడి నవ్వింది. తర్వాత చీర చెంగుతో కళ్లొత్తుకుని, "గుడ్డునైతే ఎండకు పెట్టి చూస్తారండీ. మీ అనుమానాన్ని కూడా ఒక్కసారి అలా పెట్టి చూసుకుని ఉంటే, నా దిద్దులు మిగిలేవి కదా," అంది.

ఆ మాటకి తాతారావు తలొంచుకున్నాడు. మర్నాటి నుంచి హాస్టలుకి ఆ లావు టైర్ల సైకిలు మీద మెల్లగా వెళ్లేవాడు. ఎవరైనా సలహా చెబితే, ముందు తన పనేమిటో దాచకుండా చెప్పి, ఆ తర్వాతే మంచిచెడ్డలు అడిగేవాడు. గుడ్లని మాత్రం ఎప్పటిలాగే ఎండకు పెట్టి చూసేవాడు.

నీతి: తన అవసరం దాచకుండా చెప్పి, అయినవాళ్ల మాట వినేవాడికి చవక వస్తువే చాలు; అనుమానంతో నిజం దాచేవాడికి ఎంత ఖరీదైన వస్తువైనా పనికిరాదు.