ఎత్తుకు పెట్టిన ప్రశంసాపత్రం

దివాకరానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదూ మరి? గురువు శరభయ్యగారు లద్దాఖ్ కొండల్లో వంతెనలు కట్టిన ఇంజనీరు. సరదాకి ఇంట్లో అచ్చుయంత్రం పెట్టుకున్నారు. అంతవరకూ ఎవరూ ఎక్కని శిఖరం ఎక్కారు. అలాంటాయన కాగితాలన్నీ భద్రపరుస్తామని మ్యూజియం వాళ్ళు జీపేసుకుని బయల్దేరారు. వాళ్ళకి ముందు కావలసింది పర్వతారోహణ సంఘం ఇచ్చిన ప్రశంసాపత్రం. అది లేకపోతే మ్యూజియంలో ఆయనకి చోటు లేదట!

పెట్టెలన్నీ తిరగేశాడు. వంతెనల పటాలు దొరికాయి, అచ్చు నమూనాలు దొరికాయి. ప్రశంసాపత్రం మాత్రం చివరికి అచ్చుయంత్రంలో కనిపించింది. కాగితం ఆనే పలక కింద, ఎత్తు కోసం, ముక్కలుగా కత్తిరించి అంటించి ఉంది.

"ఇదేం పని మేష్టారూ! చిత్తుకాగితాలు కరువయ్యాయా? మీ పేరుకి మీరే ఇంత అన్యాయం చేసుకుంటారా?" అని గొంతు చించుకున్నాడు.

శరభయ్యగారు యంత్రం వైపు చెయ్యి చూపించారు. కొండెక్కడానికి వచ్చేవాళ్ళకి ఆయన పంచే దారి చూపే కాగితం తాలూకు అచ్చుదిమ్మె యంత్రంలో బిగించే ఉంది.

"ఆ ముక్కలు పీకేసి ఒక కాగితం తియ్యరా," అన్నారు.

దివాకరం విసురుగా పీకి, మీట లాగాడు. దారి బొమ్మ బాగానే పడింది. అడుగున ఒక్క వరుస మాత్రం అక్షరాలు అరిగిపోయి కాగితాన్ని తాకనే లేదు.

"మళ్ళీ పెట్టి తియ్యి."

పళ్ళు కొరుకుతూ అంటించాడు. అప్పుడే ఆ ముక్కల మీది బంగారు అక్షరాలు కంటబడ్డాయి. 'తోడెవరూ లేకుండా ఒంటరిగా శిఖరమెక్కిన వీరుడు' అని ఉంది. మీట లాగాడు. ఇందాక పడని వరుస ఈసారి నల్లగా పడింది.

'ముందు నడిచి, మంచులో మెట్లు చెక్కినవాడు నవాంగ్. దిగేటప్పుడు ఈ కొండ మీదే పోయాడు.'

"ఒంటరిగా అని రాశారేంటి మేష్టారూ?"

"దిద్దమని సంఘం వాళ్ళని ఎన్నిసార్లు అడిగానో! కూలివాడి పేరు కోసం మళ్ళీ రాయించలేమన్నారు." ఆయన పలక మీద అరచేత్తో ఒక్కటి చరిచారు. "నన్ను శిఖరం దాకా లాక్కెళ్ళినవాడురా! కూలివాడట!"



బయట జీపు ఆగింది. మ్యూజియం ఆయన గుమ్మంలోంచే అడిగాడు, "ప్రశంసాపత్రం దొరికిందాండీ?"

దివాకరం తడారని దారి కాగితం తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాడు.

"చదవండి. పైకే చదవండి," అన్నాడు.