దివాన్‌గారి రోమింగ్

మల్లెకొండ సంస్థానానికి రాజ్యం పోయి చాలా కాలమైంది గాని, దర్బారు మాత్రం పోలేదు. రాజా భూపాలరావుగారు రోజూ తలపాగా చుట్టుకుని కొలువు తీరేవారు. ఫోన్ మోగితే తాము ఎత్తేవారు కారు. ఎత్తి చెవి దగ్గర పట్టుకోడానికి వేరే మనిషి ఉండేవాడు.

ఒకనాడు రాజావారు కొలువులో గొంతు సవరించుకున్నారు.

"మలేసియాలో మా మేనల్లుడి పెళ్లి. ఆ వేళే మా పెళ్లిరోజూ వచ్చిపడింది. మోకాళ్ల నొప్పులతో రాణిగారు ప్రయాణం చెయ్యలేరు. కిందటేడు మేం పెళ్లిరోజు మరిచిపోతే నెల్లాళ్లు పెరుగన్నం తప్ప మరోటి వడ్డించలేదు. ఈసారి సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆవిడతో తనివితీరా మాట్లాడాలి. కాని ఆమధ్య సింగపూర్ వెళ్లినప్పుడు అక్కణ్ణుంచి మాట్లాడినందుకు వచ్చిన బిల్లుకి ఏనుగుని అమ్మాం. ఇక అమ్మడానికి ఏనుగు లేదు. చవగ్గా మాట్లాడించే ఉపాయం ఎవరి దగ్గరుంది?"

దివాన్ చతుర్భుజం పంతులు లేచాడు. విదేశాల సంగతి తనకొక్కడికే తెలుసునని ఆయన నమ్మకం. ఎప్పుడో విమానంలో ఇచ్చిన దుప్పటిని ఇప్పటికీ శాలువాలా కప్పుకు తిరుగుతాడు.

"మన నంబరుకే రోమింగ్ ప్యాక్ వేయిస్తాను ప్రభూ. రాజుగారి మనుషులు ఎక్కడికెళ్లినా నంబరు మార్చకూడదు. పరువు!"

వెనక నుంచి గున్నయ్య దగ్గాడు. రాజావారికి కబుర్లు చెప్పి నవ్వించడం గున్నయ్య ఉద్యోగం.

"అక్కడే ఓ ప్రీపెయిడ్ సిమ్ కొనుక్కుంటే సరిపోతుంది ప్రభూ. ఆ ఊరివాళ్లు ఎంతకి మాట్లాడుకుంటారో మనమూ అంతకే మాట్లాడుకోవచ్చు."

"ప్రీపెయిడా!" దివాన్ చెవులు మూసుకున్నాడు. "అంటే ముందే డబ్బు కట్టడం! మల్లెకొండ రాజులు ఎవరికైనా ముందు కట్టిన పాపాన పోయారా? కిరాణా కొట్టువాడు మూడేళ్లుగా తిరుగుతున్నాడు!"

సభ అంతా రాజావారి మొహం వైపు చూసింది. గున్నయ్య నమస్కారం పెట్టాడు.

"తర్వాత కట్టేవాణ్ణి బాకీదారు అంటారు ప్రభూ. ముందే ఇచ్చేవాణ్ణి దాత అంటారు."

దాత అన్న మాట రాజావారికి చల్లగా తగిలింది. "సరే, ఇద్దరికీ ఒకే మొత్తం ఇప్పిస్తాం. దాన్ని మించి పైసా ఖర్చు పెట్టడానికి వీల్లేదు. ఇద్దరూ మాతో రండి. ఎవరి ఫోన్లో రాణిగారు పలుకుతారో చూద్దాం."

"ఓడినవాడు కొలువు వదిలిపోవాలి ప్రభూ!" అన్నాడు దివాన్, గున్నయ్య వైపు చూస్తూ.

"అలాగే కానీండి" అన్నారు రాజావారు.

కౌలాలంపూర్‌లో దిగీ దిగగానే దివాన్ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "చూశావా! మలేసియా నాకు స్వాగతం చెబుతోంది" అని గున్నయ్య ముక్కు మీద ఫోన్ పెట్టాడు. స్వాగతం కింద చిన్న అక్షరాలున్నాయి. చేసిన కాల్‌తో పాటు వచ్చిన కాల్‌కి కూడా ప్యాక్‌లోంచి నిమిషాలు తరుగుతాయని. దివాన్ స్వాగతం దగ్గరే ఆగిపోయాడు. గున్నయ్య చివరిదాకా చదివాడు.

విమానాశ్రయంలో సిమ్‌లు అమ్మే కౌంటర్లు ధగధగా మెరుస్తున్నాయి. గున్నయ్య ధరలు అడిగి, దండం పెట్టి, బజారుకి పోయాడు. అక్కడ ఓ అరవాయన కొట్టు కనిపించింది.

"ఇండియాకి మాట్లాడాలంటే నిమిషాలు కొనొద్దు సార్. వారం రోజుల నెట్ ప్యాక్ తీసుకోండి, వీడియో కాల్‌లో మొహం చూస్తూ మాట్లాడండి. మీ వాట్సాప్ నంబరు మారదు" అన్నాడాయన, పాస్‌పోర్ట్ చూసి సిమ్ ఇస్తూ.

సిమ్ పని చేస్తోందో లేదో చూడాలి కదా. గున్నయ్య సంస్థానం గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టాడు: "మన దివాన్‌గారు క్షేమంగా చేరారు. ఫోన్ చేసి అభినందించినవాళ్లని ఆయన జన్మలో మరిచిపోరు."

పెళ్లిరోజు పొద్దుటి నుంచీ దివాన్ ఫోన్ మోగుతూనే ఉంది. కోట కావలివాడు చేశాడు. రైతుసంఘం అధ్యక్షుడు చేశాడు. కిరాణా కొట్టువాడు కూడా బాకీ ఊసెత్తకుండా పొగిడాడు. ఆస్థానకవి సీసపద్యమే చదివాడు.

"ఆ మూడో పాదం మళ్లీ ఒక్కసారి!" అన్నాడు దివాన్, కళ్లు మూసుకుని.

"దివాన్‌గారూ, తలంబ్రాలు" అని ఎవరో పిలిస్తే, ఉండమని చెయ్యి ఊపాడు.

అక్కడ మల్లెకొండలో దీపాలు పెట్టే వేళయింది. పెళ్లివారందరి మధ్య రాజావారు ఆసీనులయ్యారు. "ఊఁ, కలపండి."

దివాన్ ముందుకొచ్చి, అందరూ వినాలని స్పీకర్ పెట్టి మరీ నొక్కాడు. ఓ ఆడగొంతు పలికింది.

"క్షమించండి. మీ రోమింగ్ ప్యాక్ పూర్తయినది."

"ఇది రాణిగారి గొంతు కాదే!" అన్నారు రాజావారు. "ఆవిడ మాకెన్నడూ క్షమాపణ చెప్పలేదు."

దివాన్ ఆ స్వాగతం మెసేజ్ తీసి, ఈసారి చివరిదాకా చదివాడు. ఈలోగా గున్నయ్య ఫోన్‌లో రాణిగారు నిండుగా ప్రత్యక్షమయ్యారు. రాజావారు మొట్టమొదటిసారి ఫోన్ తమ చేత్తోనే పట్టుకున్నారు. రాణిగారు శుభాకాంక్షలు అందుకున్నారు, కొత్త దంపతుల్ని దీవించారు, పెళ్లికూతురి చీర అంచు చూశారు, వంటలన్నీ అడిగారు. అయినా ఫోన్ ఆగలేదు.

చివరికి రాజావారు, ఫోన్ చేతిలో ఉండగానే, దివాన్ వైపు తిరిగారు. "మాట ప్రకారం తమరిక..."

దివాన్ కాళ్ల మీద పడ్డాడు. "మోసం ప్రభూ! వచ్చిన కాల్స్‌కీ నిమిషాలు పోతాయని తెలిసే గున్నయ్య ఊరందరిచేతా ఫోన్లు చేయించాడు. నా ఖర్చుతో నన్నే పొగిడించాడు!"

గున్నయ్య వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"పొగడ్త ఎక్కడైనా అంతే కదండీ. చేసేవాడికి పోయేదేం లేదు. ఖర్చంతా వినేవాడికే!"

అందరికంటే ముందుగా ఫోన్‌లోంచి రాణిగారి నవ్వు వినిపించింది. "విన్నారా? ఆ మాట మీక్కూడా!" అన్నారావిడ. రాజావారు ఒక్క క్షణం తెల్లబోయి, తలపాగా జారిపోయేలా నవ్వారు. పెళ్లిపందిరంతా గొల్లుమంది.

"ఇంతగా నవ్వించిన దివాన్‌ని పొమ్మనడానికి నోరు రావడం లేదు, ఉండనిద్దాం" అంటూ రాజావారు తమ వేలి కెంపుటుంగరం తీసి గున్నయ్య వేలికి తొడిగారు.