అరికాళ్ళలో ప్రతాపాగ్ని

మేఘాద్రి రాజ్యాన్ని ఉద్దండరాయలు ఏలుతున్న రోజుల్లో జరిగిన ముచ్చట ఇది. రాయలవారు మనసున్న మనిషే. కాకపోతే పొగడ్త చెవిన పడితే చాలు, ఆయన మీసం దానంతటదే పైకి లేచేది.

ఒకరోజు ఆయన ఉత్త కాళ్ళతో ఉద్యానవనంలో తిరిగొచ్చి సింహాసనం మీద కూర్చున్నారు. చూస్తే తివాచీ పొడవునా నెత్తుటి మరకలు! రాజుగారి అరికాల్లో ఇంత పొడుగు తుమ్మముల్లు దిగి ఉంది. ఆయనకు తెలియనే తెలియదు.

"చూశారా! మా పాదంలో దిగాక ముల్లు కూడా నోరెత్తలేదు," అన్నారు రాయలు.

భట్రాజులు ఊరుకుంటారా? "జయీభవ! వజ్రపాదా, విజయీభవ!" అని గొంతెత్తారు. మీసం లేచింది.

ఆస్థాన వైద్యుడు పశుపతాచార్యులు ఒక్కడే దిగులుపడ్డాడు. ముల్లు లాగి, గాయం కడిగి కట్టు కడుతూ, "ప్రభూ, నొప్పి తెలియకపోవడం వీరత్వం కాదు. ఇదొక రోగ..." అన్నాడు.

"ఆపవయ్యా!" అని గర్జించారు రాయలు. "ఇకమీదట ఈ సభలో రోగం అనే మాట ఎవరి నోట వచ్చినా వాళ్ళ నాలుక కోయిస్తాను."

"మరి రాత్రిళ్ళు తమరికి అరికాళ్ళు మండుతున్నాయనీ, చీమలు పాకినట్టు ఉంటోందనీ రాణిగారు..."

"అది ప్రతాపాగ్ని! పగలు శత్రువుల మీద వాడగా మిగిలింది రాత్రికి కాళ్ళలోకి దిగుతుంది."

రాజుగారు కత్తి దూసి ఎన్నాళ్ళయిందో బాగా గుర్తున్న మనిషి ఆ సభలో ఒకడున్నాడు. ఆస్థాన హాస్యగాడు కొండుభట్టు. ఎంత ఆపుకున్నా అతనికి నవ్వు ఆగలేదు. కిసుక్కుమన్నాడు.

రాయలు అతని వైపు తిరిగారు. "నవ్వొచ్చిందా? మంచిది. వచ్చే మా పుట్టినరోజున కోట ముందు నిప్పుల గుండం తొక్కుతాం. మా వెనకే నువ్వు. నీ వెనక సైన్యమంతా. అబ్బా అన్నవాడికి దేశబహిష్కారం!"

కొండుభట్టు నవ్వు గొంతులోనే ఇంకిపోయింది. అసలే అతని పాదాలు మహా సుకుమారం. గడప దగ్గర చింతగింజ తొక్కితే వీధి చివరి దాకా వినబడేలా కేకపెట్టే మనిషి. సభ ముగియగానే పరుగున వైద్యుడి ఇంటికి పోయాడు.

"ఆచార్యులుగారూ, నిజం చెప్పండి. ఆయన పాదాలకు ఏమైంది?"

వైద్యుడు తలుపు మూసి వచ్చాడు. "నరాలు కబుర్లు మోసే వేగులవాళ్ళ లాంటివి భట్టూ. ముల్లు గుచ్చుకుందని తలకు చెప్పాల్సింది అవే. అవి దెబ్బతింటే ఉన్న కబురు చెప్పవు, లేని కబురు మోసుకొస్తాయి. లేని మంట, లేని చీమలు, లేని సూదులు."

"ఎందుకు దెబ్బతింటాయి?"

"సవాలక్ష కారణాలు. ఎక్కడో నరం నలిగి కావచ్చు, తాగుడు వల్ల కావచ్చు, తిండిలో సత్తువ లేక కావచ్చు. రాజుగారిది మాత్రం మధుమేహం. ఆ దాహం చూడలేదూ? పెరట్లో ఆయన లఘుశంకకు వెళ్ళొచ్చిన చోట చీమలు బారులు తీరుతున్నాయి. అలాంటి మనిషి నిప్పులు తొక్కితే కాళ్ళు కాలిన సంగతే తెలియదు. పుండు ముదిరితే కాలు తీసేయాల్సి రావచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు."

అప్పటిదాకా కొండుభట్టు భయమంతా తన కాళ్ళ గురించే. ఇప్పుడు రాజుగారి కాళ్ళ మీద కూడా బెంగ పట్టుకుంది. కోప్పడినా, తిట్టినా, చిన్నప్పటి నుంచీ తనకు అన్నం పెట్టిన చెయ్యి ఆయనది.

"అయితే రోగం అనే ఆ మాట రాజుగారి నోటే రావాలి," అన్నాడు.

"ఎలా వస్తుందయ్యా?"

"తనను పొగిడితే ఆయనకు ఎంత ఇష్టమో, ఎదుటివాడి లోపం ఎంచడమూ అంతే ఇష్టం. మీ దగ్గరికి తిమ్మిర్లని వచ్చేవాళ్ళలో ఇద్దరు ముగ్గుర్ని నాకు అప్పగించండి, చాలు."

పుట్టినరోజు రానే వచ్చింది. కోట ముందు నిప్పులు కణకణలాడుతున్నాయి. లోపల కొలువులో రాయలు పట్టుబట్టలు కట్టి సింహాసనం మీంచి లేవబోతుంటే కొండుభట్టు అడ్డం వచ్చి దండం పెట్టాడు.

"ప్రభూ, చిన్న మనవి. నొప్పి ఎరగని వీరులు మన రాజ్యంలో ఇంకా ఉన్నారట. వాళ్ళ సంగతి తేల్చకుండా గుండం తొక్కితే, మేఘాద్రిలో వజ్రపాదులు వీధికొకడని పొరుగురాజు వెక్కిరించడూ?"

"మాకు సాటివాళ్ళా! పిలిపించు. నిజమైన వీరులో కాదో మేమే తేలుస్తాం. కాకపోతే నిన్ను మాకంటే ముందే గుండంలోకి తోస్తాం."

మొదట వచ్చినవాడు ఆస్థాన లేఖకుడు గణపయ్య. కొండుభట్టు అతని వేలి కొసన ముల్లు గుచ్చాడు. గణపయ్య పైకప్పు చూస్తూ నిలబడ్డాడు. సభ ముక్కున వేలేసుకుంది.

రాయలకు కొంచెం అసూయ వేసింది. "ఏ యుద్ధంలో ఇంత గట్టిపడిందయ్యా నీ చెయ్యి?"

"యుద్ధం కాదు ప్రభూ. తమరి బిరుదులు తాటాకుల మీద గంటంతో చెక్కీ చెక్కీ ఇలా అయింది. బొటనవేలి నుంచి నడిమివేలి దాకా తిమ్మిరి. రాత్రిళ్ళు చెయ్యి విదిలించుకుంటే గానీ నిద్ర పట్టదు. నిన్న ముద్ద నోట్లో పెట్టుకున్నాననుకున్నాను, ఒళ్ళో పెట్టుకున్నాను."

సభంతా గొల్లున నవ్వింది. రాయలు వైద్యుడి వైపు కనుబొమ్మ ఎగరేశారు. మణికట్టు దగ్గర నరం నలిగిందని చెప్పాడు ఆచార్యులు.

"విన్నావా? కొన్నాళ్ళు రాత మానుకో. రాత్రిపూట మణికట్టు వంగకుండా బద్ద కట్టుకుని పడుకో. ఇదేం వీరత్వం!" అని తేల్చేశారు రాయలు. ఆయనకు హుషారొచ్చింది. "ఊఁ, తర్వాతివాణ్ణి రానీ!"

కల్లుపాక నుంచి ముత్తడు తూలుకుంటూ వచ్చాడు. వాడి చెప్పు ఒకటి గుమ్మం దగ్గరే జారిపోయింది. వాడికి ఆ సంగతే తెలియదు.

"నిప్పుల మీద నిలబడగలవురా?"

"నేల మీద నిలబడితే గదా దొరా!"

రాయలు పొట్ట పట్టుకుని నవ్వారు. తాగుడే వీడి కాళ్ళ నరాలను పాడుచేసిందనీ, మెతుకు తినకుండా కల్లు మీదే బతుకుతున్నాడనీ వైద్యుడు చెప్పాడు. "కల్లు కట్టిపెట్టరా! వీడికి రోజూ మా వంటశాల నుంచి పప్పూ, పాలూ, ఆకుకూరా పెట్టించండి," అన్నారు రాయలు. ఒక్క పూటలో తాను రాజవైద్యుడు కూడా అయిపోయినట్టు ఆయనకు ఒకటే సంబరం.

మూడోవాడు రాజుగారి సొంత వంటవాడు అబ్బన్న. ఈసారి రాయలు ఎవరి మాటకూ ఆగలేదు. తానే సింహాసనం దిగి వచ్చి అబ్బన్న పాదం చూశారు. చూసి వెనక్కి జంకారు. పాదం మీద కాలిన గాయం పచ్చిగా ఉంది.

"ఇదేమిటిరా!"

"బెల్లప్పాకం ఒలికింది ప్రభూ. తోలు ఊడేదాకా నాకే తెలియలేదు."

"రాత్రిళ్ళు ఎలా ఉంటుంది?"

"అరికాళ్ళు ఒకటే మంట. చీమలు పాకినట్టు ఉంటుంది. కడవెడు నీళ్ళు తాగినా దాహం తీరదు."

కొండుభట్టు వినయంగా వంగాడు. "ప్రతాపాగ్ని అంటారా ప్రభూ?"

"వంటవాడికి ప్రతాపాగ్ని ఏమిటయ్యా, నీ బొంద! ఇది రోగం! శుద్ధ రోగం! ఒరే అబ్బన్నా, అసలు ఏం తిని తెచ్చుకున్నావురా దీన్ని?"

అబ్బన్న చేతులు నలుపుకున్నాడు. "తమరు తిన్నవే ప్రభూ. విషం కలిసిందేమోనని తమరి పళ్ళెంలోవి ముందు నేను తినాలి గదా. తమరికి బొబ్బట్లంటే నాకూ బొబ్బట్లే. తమరికి సున్నుండలంటే..."

వాడు ఇంకా చెబుతూనే ఉన్నాడు. రాయలు వినడం లేదు. ఆయన చూపు అబ్బన్న పాదం మీంచి కట్టు కట్టిన తన పాదం మీదికి మెల్లగా జరిగింది.

కొండుభట్టు గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, ఈ సభలో ఆ మాట ఎవరి నోట వచ్చినా నాలుక కోయాలని తమరి ఆజ్ఞ. కత్తి తెప్పించమంటారా, ఆజ్ఞనే వెనక్కి తీసుకుంటారా?"

రాయలు చటుక్కున చేత్తో నోరు మూసుకున్నారు. చేతి వెనక మీసం కాసేపు అటూ ఇటూ ఊగింది. చివరికి, "ఆజ్ఞే వెనక్కి పోతుందిలే," అని చిన్నగా గొణిగారు. అక్కడే మెట్టు మీద చతికిలబడి వైద్యుణ్ణి దగ్గరికి పిలిచారు. "ఆచార్యులూ, నా కాలు కూడా ఇలాగే అవుతుందా? దాచకుండా చెప్పు."

"జాగ్రత్త పడితే కాదు ప్రభూ. తీపి మానాలి. మితంగా తినాలి. గాయం మానాక రోజూ నడవాలి, అదీ మెత్తని చెప్పులతో. పాదాలు మాత్రం పొద్దునా సాయంత్రం ఎవరో ఒకరు పరీక్షగా చూడాల్సిందే. మంటకు మందిస్తాను, చాలావరకు తగ్గుతుంది. పోయిన స్పర్శంతా తిరిగొస్తుందని మాట ఇవ్వలేను. ఉన్నదాన్ని నిలుపుకోవచ్చు."

"ఉన్నదెంత?"

ఆచార్యులు పక్కనున్న నెమలీకల విసనకర్ర నుంచి ఒక ఈక లాగి, రాజుగారిని కళ్ళు మూసుకోమన్నాడు. వేళ్ళ కొసలు తాకించాడు. రాయలు కదల్లేదు. అరికాలు నిమిరాడు. ఉలుకూ పలుకూ లేదు. ఈక మెల్లగా మడమ దాటి చీలమండ దగ్గరికి వచ్చింది.

"హిహ్హీ!" అన్నారు ఉద్దండరాయలు.

సభ బిత్తరపోయింది.

"తెలుస్తోంది! ఇక్కడ తెలుస్తోందయ్యా! ఇంకోసారి, ఇంకోసారి! హిహ్హిహ్హీ! ఆపు, వద్దు, అబ్బా!" రాయలు మెట్ల మీద దొర్లి మరీ నవ్వారు. కిరీటం దొర్లుకుంటూ పోయి ముత్తడి దగ్గర ఆగింది. సింహాసనం పక్కనున్న రాణిగారు నవ్వుతూ కళ్ళు ఒత్తుకున్నారు.

నవ్వు కొంచెం సర్దుకున్నాక రాయలు కొండుభట్టును పిలిచి భుజం మీద చెయ్యి వేశారు. "నా కాళ్ళు కాపాడావు. ఈ రోజు నుంచీ నా వంతు బొబ్బట్లూ, సున్నుండలూ అన్నీ నీవే!"

"ప్రభూ," అన్నాడు కొండుభట్టు అబ్బన్న పాదం వైపు చూస్తూ, "అది బహుమానమా, శిక్షా?"

రాయలు మళ్ళీ మొదలుపెట్టారు. నవ్వుతూనే ఏటి ఒడ్డు మాగాణి అతని పేర రాయించారు. గణపయ్య చేతికి శ్రమ లేకుండా ఆ శాసనంలో బిరుదులన్నీ తీసేయించారు. అబ్బన్నకు సెలవిచ్చి, తనతో పాటే వైద్యం చేయమని ఆచార్యులకు చెప్పారు.

అప్పుడు సేనాపతి వచ్చి, గుండం సిద్ధంగా ఉంది, నిప్పులు ఏం చేయమంటారని అడిగాడు.

"వృథా ఎందుకు? సంతలో ఉన్న వంకాయలన్నీ తెప్పించి కాల్చండి!" అన్నారు మహారాజు.

ఆ పూట మేఘాద్రిలో సైన్యానికీ, ఊరందరికీ కాల్చిన వంకాయ పచ్చడితో విందు జరిగింది. కొండుభట్టు వేడివేడి వంకాయ తొక్క ఒలవబోయి వేళ్ళు కాల్చుకుని, ఊరంతా వినబడేలా కేక పెట్టాడు.