వీధిలో కుర్చీ

బాలశౌరికి స్పానిష్ మాటలు కంఠతా వచ్చు. మనుషులతో మాట్లాడటమే రాదు.

ఫిరంగిపురం నుంచి స్పెయిన్‌లో ఒక కొండ ఊరి గుడికి, ముసలి గురువు ఫాదర్ ఆన్సెల్మోకు సాయంగా వచ్చాడు. ఎండలు తగ్గేలోపు బిషప్ గారు వచ్చి చూస్తారు. ఊరివాళ్లతో మాట్లాడగలిగితే ఉంటాడు, లేదంటే తిరుగుటపాలో ఇంటికే. వెళ్లే ప్రసక్తే లేదని బాలశౌరి పంతం పట్టాడు. సాయంత్రమైతే వీధిలో ఒకటే గోల. కిటికీ బిడాయించుకుని మరీ చదివేవాడు.

ఒకనాడు గురువుగారిని సందేహం అడిగాడు.

"ఒక చోట ఉండేవాళ్లకు ఇన్ని మాటలున్నాయి గురువుగారూ. అబితాంతె అంటే నివాసి. సియుదాదానో అంటే పౌరుడు. వెసీనో అంటే ఇరుగుపొరుగు. మరి ఈ ఊరివాళ్లను నేను ఏమనుకోవాలి?"

ఆన్సెల్మో చటుక్కున లేచారు. బాలశౌరి గదిలోకి వెళ్లి, అతను కూర్చుని చదివే కుర్చీ ఎత్తుకుని చక్కా పోయారు.

బాలశౌరి మొండిఘటం. నిలబడే చదివాడు. మర్నాడూ అంతే. మూడోనాటికి కాళ్లు పీక్కుపోయి, కాస్త కోపం కూడా వచ్చి, కుర్చీ వెతుక్కుంటూ బయటికి వచ్చాడు.

ఎండ దిగి గాలి చల్లబడింది. ఆ ఊరి అలవాటు ప్రకారం ఎవరి కుర్చీ వాళ్లు వీధిలో వేసుకుని కబుర్లాడుకుంటున్నారు. ఆ వరసలో అతని కుర్చీ ఖాళీగా ఉంది. పక్కన ఎన్‌కార్నా అనే పెద్దావిడ చిక్కుళ్లు ఒలుస్తోంది.

"నువ్వొస్తావని రోజూ ఖాళీగానే ఉంచాం నాయనా," అందావిడ.

బాలశౌరికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. కూర్చున్నాడు. మొదటి వాక్యమే తప్పు పలికాడు. అందరూ నవ్వారు. అతను దిద్దుకుని మళ్లీ చెప్పాడు, మళ్లీ తప్పింది. అయినా లేవలేదు. దీపాలు పెట్టేదాకా, గుంటూరు మిరపకాయ ఎంత కారమో వాళ్లకు తప్పుల తడకగా చెబుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ఒక్క సాయంత్రం కూడా మానలేదు.

అన్నట్టే బిషప్ గారు వచ్చారు. ప్రొద్దు వాలుతుండగా అతన్ని గదిలో ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఈ ఊరివాళ్ల భాష ఎంతవరకు వచ్చిందో చూపించమన్నారు. ఆన్సెల్మో గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

బాలశౌరి లేచాడు. బిషప్ గారిని కూడా ఒక్కసారి లేవమని వినయంగా అడిగాడు. రెండు కుర్చీలూ ఎత్తుకుని వీధిలోకి నడిచాడు.

ఎన్‌కార్నా తన కుర్చీ కాస్త పక్కకు జరుపుకుంది.