తలుపు వేసి చెప్పిన తీర్పు

అనగనగా అని నేను అనగానే ఆవలించేస్తావు నువ్వు. ఈ రోజు అలా కుదరదు చిట్టితల్లీ, ఊఁ కొట్టాలి. నువ్వు ఊఁ కొట్టకపోతే కథలో గొర్రెలన్నీ దారి మధ్యలోనే నిలబడిపోతాయి. సరేనా? అనగనగా ఒక ఊళ్ళో, ఆ ఊరి పేరు ఉలవలదిన్నె, అందరూ గొర్రెలు కాసుకునేవాళ్ళే ఉండేవాళ్ళు.

ఆ ఊళ్ళో పొద్దున లేస్తే గొర్రెలు, పొద్దుగూకితే గొర్రెలు. పెళ్ళిమాటలైనా గొర్రెల మధ్యే, అలకలైనా గొర్రెల మధ్యే. ఇక తగాదాలంటావా, అవీ గొర్రెల గురించే.

ఆ తగాదాలు తీర్చే పెద్దమనిషి పేరు చౌడప్ప. మంచివాడు. తగాదా తేలేదాకా రెండు వైపులవాళ్ళ ఇంట్లోనూ చుక్క మజ్జిగైనా ముట్టేవాడు కాదు. అందుకని ఊరంతా ఆయన్ని ‘పెద్దాయనా’ అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపంటే ఆయనకి ప్రాణం.

ఊరి బయట ఒక పెద్ద బండ ఉండేది. ఏ తగాదా అయినా దాని మీదే, అందరి ముందే తేలాలి. గొర్రెపిల్ల నాదంటే నాదని ఇద్దరు వచ్చారనుకో. ఆ పిల్లని పొద్దుటినుంచి పాలకి వదలకుండా ఆపేవాళ్ళు. అప్పుడు బండకి ఈ చివర ఒకరి గొర్రెని, ఆ చివర ఇంకొకరి గొర్రెని నిలబెట్టి, మధ్యలో పిల్లని వదిలేవాళ్ళు. ఆకలి మీదున్న పిల్ల తల్లిని వెతుక్కుంటూ పోతుంది. గొర్రె వాసన చూస్తుంది. తన పిల్లైతే పాలిస్తుంది, కాకపోతే తలతో ఒక్క కుమ్ము కుమ్ముతుంది. అంతే తీర్పు.

అయితే ఒక చిక్కుంది. గొర్రెలు కాసేవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో రకంగా కూత పెడతారు. ఆ కూత వింటే వాళ్ళ గొర్రెలు తోక ఊపుకుంటూ వచ్చేస్తాయి. తీర్పు వేళ ఎవరైనా మెల్లగా కూత పెడితే ఎలా? అందుకని ఆ ఇద్దరినీ నోటినిండా నీళ్ళు పట్టుకుని నిలబడమనేవాళ్ళు. మింగకూడదు, ఉమ్మకూడదు. ఇదిగో, బుగ్గలు ఇలా! నవ్వకు, నువ్వు నవ్వితే నాకూ నవ్వొస్తుంది.

ఒక ఏడాది ఏమైందంటే, రాయన్న గొర్రె, ఓబులమ్మ గొర్రె ఒకే రోజు కొండ మీద ఈనాయి. ఒక పిల్లని నక్క ఎత్తుకుపోయింది. మిగిలిన పిల్ల నాదని రాయన్న, కాదు నాదని ఓబులమ్మ. రాయన్నది పెద్ద మంద, పైగా చౌడప్పకి వియ్యంకుడు. చౌడప్ప కూతుర్ని ఆ ఇంటికే ఇచ్చారు మరి. ఓబులమ్మకి మొగుడు పోయాడు, ఉన్నవి నాలుగు గొర్రెలు. ఆ పిల్లే ఆ ఏటికి ఆమె ఆశంతా.

ఇద్దరూ నోట్లో నీళ్ళు పట్టుకుని బండ మీద నిలబడ్డారు. రాయన్న బుగ్గలు బూరెల్లా ఉబ్బేసరికి పిల్లకాయలు కిసుక్కుమన్నారు. రాయన్నకీ నవ్వాగలేదు. నీళ్ళన్నీ గొర్రె మొహం మీదే పడ్డాయి, అది బెదిరి పారిపోయింది. మళ్ళీ పట్టుకొచ్చి నిలబెట్టారు. ఈసారి ఓబులమ్మకి తుమ్మొచ్చింది. మళ్ళీ నిలబెట్టారు. ఈసారి ఎక్కడిదో కుక్క ఒకటి మధ్యలోకి దూకింది.

ఎండలో మాడిపోతున్న చౌడప్పకి కోపం నషాళానికి అంటింది. “ఇది తీర్పా, తోలుబొమ్మలాటా? నీళ్ళూ వద్దు, నవ్వులూ వద్దు. నేనొక్కణ్ణే చూస్తా పొండి” అన్నాడు.

అప్పుడు రెండు గొర్రెల్నీ, పిల్లనీ తన కొత్త ఇంటికి తోలుకుపోయాడు. ఆ ఇంటికి పెద్ద వాకిలి, పెద్ద తలుపు. ఓబులమ్మని, రాయన్నని, ఊరందర్నీ బయటే ఉంచి తలుపు వేసేశాడు.

లోపల చాలా జాగ్రత్తగా చూశాడు పాపం. పిల్లని వదిలాడు. అది తిన్నగా రాయన్న గొర్రె దగ్గరికి పోయింది, ఆ గొర్రె వాసన చూసి పాలకి రానిచ్చింది. గొర్రెల్ని అటువి ఇటు మార్చి మళ్ళీ వదిలాడు. మళ్ళీ రాయన్న గొర్రె దగ్గరికే పోయింది. వియ్యంకుడి గొర్రె కదా, ఎందుకైనా మంచిదని మూడోసారీ వదిలాడు. మూడోసారీ అంతే. అప్పుడు తలుపు తీసి, “పిల్ల రాయన్నది. ఇంక పొండి” అన్నాడు.

“పెద్దనాయనా, పిల్ల ఎట్లా పోయింది దాని దగ్గరికి? నేను చూడలా” అంది ఓబులమ్మ.

చౌడప్ప మొహం ఎర్రబడింది. “ఇన్నేళ్ళుగా తీర్పు చెప్తాండా. నా మాట మీద నమ్మకం లేదా నీకు?” అన్నాడు. ఓబులమ్మ తల వంచుకుంది. తన గొర్రెని తోలుకుని ఇంటికి పోయింది. ఆ గొర్రె దారిపొడవునా వెనక్కి తిరిగి చూసి అరుస్తూనే ఉంది.

ఏడవకు తల్లీ. ఆ పిల్ల నిజంగా రాయన్నదే. చౌడప్ప అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. తలుపు బయట నిలబడ్డ ఓబులమ్మకి ఎలా తెలుస్తుంది చెప్పు?

ఆ తర్వాత ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. “పండక్కి రాయన్న ఇంటినుంచి పెద్దాయన ఇంటికి నెయ్యి పోయిందంట” అన్నారు. నెయ్యి ఏటా పోతుంది, వియ్యాలవారు కదా. అంతకుముందు ఏనాడూ ఎవరి కంటికీ ఆనని నెయ్యి అప్పుడు ఊరందరి కంట్లో పడింది.

ఆ తర్వాత ఎవరి తీర్పు వాళ్ళే చెప్పుకోవడం మొదలుపెట్టారు. పక్కవాడి గొర్రె తప్పిపోయి మందలో కలిస్తే, చెవి మీద గుర్తు మార్చి తమదే అనేవాళ్ళు. పోగొట్టుకున్నవాడు ఇంకొకడి గొర్రెని కట్టేసుకునేవాడు.

ఆ తర్వాత ఒక రోజు వాగు ఇసుకలో నీళ్ళకోసం తవ్విన చెలమ దగ్గర, ఎవరి మంద ముందు నీళ్ళు తాగాలని కర్రలు లేచాయి. శీనప్ప అనేవాడి తల పగిలింది. తల పగిలినా వాడు చౌడప్ప దగ్గరికి మాత్రం రాలేదు.

ఇదేమీ తెలియని చౌడప్ప వాకిట్లో మంచం వేసుకుని మీసం దువ్వుకుంటున్నాడు. “చూసినావా లింగీ, ఊళ్ళో తగాదా అన్న మాటే లేదు. అంతా నా తీర్పుల చలవ” అన్నాడు పెళ్ళాంతో.

లింగమ్మ చేతిలో చేట కింద పెట్టింది. “తగాదాలు లేక కాదయ్యా, నీ గడప తొక్కేవాళ్ళు లేక. శీనప్ప తల పగిలి మంచం మీద ఉన్నాడు, తెలుసునా నీకు?” అంది.

చౌడప్ప మీసం దువ్వడం ఆపేశాడు. “నేను తప్పు చెప్పలా లింగీ. ఆ పిల్ల రాయన్నదే. మన బిడ్డ మీద ఒట్టు” అన్నాడు.

“నాకు తెలుసు. నేను నీ పెళ్ళాన్ని, అందుకని నమ్మినా. ఊరంతా నీ పెళ్ళాం కాదు కదా!” అంది లింగమ్మ.

ఆ పూట ఆయనకి ముద్ద దిగలేదు. మొదట ఊరి మీద కోపం వచ్చింది. అప్పుడు ఓబులమ్మ మీద వచ్చింది. ఆ తర్వాత తన మీదే వచ్చి, అదిక పోలేదు. ఓబులమ్మ అడిగిందేమిటి? పిల్ల ఎలా పోయిందని ఒక్క మాట. అది కూడా చెప్పకుండా ఆమె నోరు మూయించానే అని సిగ్గుపడ్డాడు.

సరే, ఆ పిల్లని మళ్ళీ బండ మీదికి తెచ్చి అందరి ముందూ వదులుదామని రాయన్న మంద దగ్గరికి పరుగులాంటి నడకతో పోయాడు. పోయి చూస్తే ఏముంది? నెలలు గడిచిపోయాయి కదా. పిల్ల కాస్తా పొట్టేలైంది. కొమ్ములు మొలిచాయి. పాల ఊసే మరిచిపోయి తుమ్మకాయలు నములుతోంది. ఇప్పుడు వదిలితే అది ఏ తల్లి దగ్గరికీ పోదు. తను చూసిన నిజాన్ని ఇంక ఎవరికీ చూపించలేనని చౌడప్పకి అప్పుడు తెలిసింది.

మర్నాడు ఊరందర్నీ బండ దగ్గరికి పిలిచాడు. ఓబులమ్మ వెనక వరసలో నిలబడింది.

“ఆ పిల్ల రాయన్న గొర్రె దగ్గరికే పోయింది. మూడుసార్లూ పోయింది. నా కళ్ళతో చూసినాను. మీకు మాత్రం చూపించలేను, ఆ దినం పోయింది. తలుపు వేయడం నా తప్పు. అడిగినందుకు ఓబులమ్మని కసురుకోవడం ఇంకా పెద్ద తప్పు” అన్నాడు చౌడప్ప.

అందరూ ఓబులమ్మ వైపు చూశారు. ఆమె, “నువ్వు చెప్పేది నిజమేనేమో పెద్దనాయనా. నాకు మాత్రం నమ్మకం కుదరలా. ఏం చేసేది?” అంది.

“కుదరకపోతే మానె. నమ్మమని అడగడానికి పిలవలేదు తల్లీ. ఇకమీదట వచ్చి చూడమని అడగడానికి పిలిచినా” అన్నాడు.

ఊరు మారిపోయిందా అంటావేమో. అబ్బే! వాన పడగానే మొలిచే పుట్టగొడుగులా నమ్మకం అంత తేలికగా వస్తుందా? చాలా రోజులు ఆయన బండ మీద ఒక్కడే కూర్చుని లేచి వచ్చేసేవాడు. అప్పుడొకరు, ఇప్పుడొకరు చిన్న చిన్న తగాదాలు తెచ్చారు. అన్నీ అందరి ముందే. ఎవరైనా ‘ఏంటికి?’ అని అడిగితే చౌడప్ప విసుక్కోకుండా చెప్పేవాడు. ఆయనకి విసుగొచ్చేలా ఉంటే లింగమ్మ పక్కనుంచి దగ్గేది.

మళ్ళీ గొర్రెలు ఈనే కాలం వచ్చింది. ఒక రోజు పెద్ద వాన కురిసి వంక పొంగింది. ఒక గొర్రెపిల్ల కొట్టుకుపోయింది, ఒకటి మిగిలింది. ఆ మిగిలింది నాదని ఒకరు వచ్చారు. ఎవరనుకున్నావు? ఓబులమ్మే. కాదు మాదని ఇంకొకరు వచ్చారు. ఆ ఇంకొకరు చౌడప్ప సొంత కొడుకు ఎల్లప్ప.

ఊరు ఊరంతా బండ దగ్గరికి కదిలింది. శీనప్ప కూడా, పాత గాయం మచ్చ కనపడకుండా తలకి గుడ్డ చుట్టుకుని వచ్చాడు.

“ఇది నా ఇంటి తగాదా. ఈ రోజు నేను తీర్పు చెప్పను. పిల్లే చెప్తాది, మీరంతా చూడండి” అన్నాడు చౌడప్ప. కొడుకుని పక్కకి జరిపి, మంద నా పేరనే కదా అంటూ తానే చెంబు ఎత్తి నోటినిండా నీళ్ళు పట్టుకున్నాడు. పెద్దాయన బుగ్గలు ఉబ్బించుకుని, మీసాలు నిక్కబొడుచుకుని నిలబడితే పిల్లకాయలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆయన మాత్రం కదల్లేదు. అవతల ఓబులమ్మ కూడా నీళ్ళు పట్టుకుని నిలబడింది.

పిల్లని వదిలారు. చౌడప్ప మనసులో ఒకటే మొక్కు. ‘ఓబులమ్మ గొర్రె దగ్గరికి పో, పో నా తల్లీ. నువ్వు అటు పోతే నా మాట నిలబడుతుంది.’ తన పిల్ల తనకి దక్కకూడదని మొక్కుకున్నవాడు ఆ ఊళ్ళో ఆయనొక్కడే అయ్యుంటాడు.

పిల్ల నిజంగానే ఓబులమ్మ గొర్రె వైపు నడిచింది. చౌడప్ప కళ్ళు మెరిశాయి. గొర్రె వాసన చూసింది. చూసి, ఒక్క కుమ్ము కుమ్మింది. పిల్ల పల్టీ కొట్టి లేచి, ఇటు తిరిగి, చౌడప్ప గొర్రె పొట్ట కిందికి దూరిపోయింది. తోక టపటపా ఆడిస్తూ పాలు తాగింది.

ఊరందరి కళ్ళూ చౌడప్ప మీద పడ్డాయి. అప్పుడు పిల్ల వియ్యంకుడికే దక్కింది, ఇప్పుడు నాకే దక్కింది, ఇంక ఈ ఊరు నన్నెందుకు నమ్ముతుంది అనుకున్నాడు ఆయన. ఏమైనా చెబుదామంటే నోటినిండా నీళ్ళు. కళ్ళల్లో కూడా నీళ్ళే.

అప్పుడు ఓబులమ్మ నోట్లో నీళ్ళు ఉమ్మేసి, కొంగుతో మూతి తుడుచుకుంది. “పిల్ల పెద్దనాయన వాళ్ళదే. నేను చూసినాను” అంది, వెనక వరసకి కూడా వినపడేలా.

చౌడప్ప గబగబా ఉమ్మేసి, “అయినా నువ్వే తీసుకో తల్లీ. నా చేత్తో ఇస్తున్నా” అన్నాడు.

“నాది కానిది నాకేంటికి? నాదై ఉంటే నాకే వచ్చేది. అది తెలిసింది, చాలు” అంది. నాలుగడుగులు వేసి ఆగింది. “ఆ పాత పిల్ల సంగతి మాత్రం అడగొద్దు పెద్దనాయనా. అది నాకు ఇప్పటికీ తెలీదు.”

“అడగను” అన్నాడు చౌడప్ప. ఎప్పుడూ అడగలేదు కూడా.

ఓబులమ్మ తన గొర్రెని తోలుకుని ఇంటికి పోయింది. ఓడిపోయి పోయింది, అయినా ఆమె మనసులో ముల్లు లేదు. ఇంటికి పోయి ఇంత సంగటి తిని, హాయిగా పడుకుంది.

గొర్రెపిల్ల చేరింది తల్లి పొట్ట కిందికి,
తీర్పు వచ్చింది ఊరందరి ముందుకి,
నిద్ర వచ్చింది నా తల్లి రెప్పల మీదికి,
కథ పోయింది కంచికి, మనం దూరదాం దుప్పట్లోకి.